నిద్రాహారాలు మానిన తల్లి అని నన్ను మెచ్చుకోకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సాహిత్య సంస్థల, నాటక పరిషత్తుల, కథల పోటీల నిర్వాహకులకు,

నమస్కారం.

నేను విజయనగరంలో ఉంటాను. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటికి దగ్గర ఊరు. పన్నెండేళ్లుగా కథలు రాస్తున్నాను. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి మూడు నిండాయి. పగలు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు పాఠాలు చెబుతాను. మీలో చాలామంది నాకు బాగా తెలిసినవాళ్లే. నా మొదటి కథ చదివి కార్డు ముక్క రాసి పంపిన పెద్దలు మీలోనే ఉన్నారు. మీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. చెబితే వింటారన్న నమ్మకంతో రాస్తున్నాను.

కిందటేడు కార్తీక మాసంలో ఒక ఆదివారం శ్రీకాకుళంలో సభ. ఏ సంస్థది అన్నది ఇక్కడ అనవసరం. కార్డు మీద పది గంటలకని వేశారు. నేను తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి, ఇంట్లోవాళ్లకి మధ్యాహ్నానికి కూడా వండిపెట్టి, బాబుని వాళ్ల నాన్నకి అప్పజెప్పి, పాపని చంకనేసుకుని ఏడుంపావు బస్సెక్కాను. ఎక్కే ముందు కాంప్లెక్సులో ఒక టీ తాగాను. అంతే. ముఖ్య అతిథి గారి రైలు ఆలస్యమైంది, సభ పదకొండున్నరకి మొదలైంది. హాలు వెనక బాత్రూం ఉంది, తాళం వేసి ఉంది. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉందన్నారు. వాచ్‌మన్ వనభోజనాలకి వెళ్లాడన్నారు. మగవాళ్లు అలా బయటికెళ్లి వచ్చేశారు. నేను నీళ్లు తాగడం మానేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సభలకి వచ్చే ఆడవాళ్లు ఎంతమంది ఇంట్లో బయల్దేరింది మొదలు మళ్లీ ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టుకోరో మీ ఇంట్లో ఆడవాళ్లని అడిగి చూడండి. స్కూలు టీచర్లూ అంతే, బస్సు ప్రయాణాల్లో ఉండే ఆడవాళ్లూ అంతే. మూత్రంలో మంట, జ్వరం, మందులు, మళ్లీ నెలకి అదే మంట. ఇది మా అందరికీ ఎంత అలవాటైపోయిందంటే ఒకరికొకరం చెప్పుకోవడం కూడా మానేశాం.

నా పేరు పిలిచేసరికి రెండు దాటింది. భోజనాలు సభ అయ్యాకేనన్నారు. పాప ముందు వరసలో కుర్చీ మీద వాడిపోయి పడుకుంది. నన్ను పరిచయం చేసిన పెద్దాయన ఎంతో ప్రేమగా అన్న మాటలివి. "ఇద్దరు బిడ్డల తల్లి. ఉద్యోగం చేసుకుంటూ, నిద్రాహారాలు మాని, ఒంటిని లెక్కచేయకుండా రాత్రంతా మేలుకుని కథలు రాస్తున్న అమ్మాయి." చప్పట్లు కొట్టారు. నేను లేచి మైకు దగ్గరికి నడిచాను. రెండో వాక్యం దగ్గర ఎదురుగా ఉన్న ముఖాలన్నీ తెల్లగా అయిపోయాయి. మైకు కర్ర పట్టుకుంటే అదీ నాతో పాటు ఒరిగింది. ఎవరో కుర్చీ లాగారు, ఎవరో సోడా తెచ్చారు. పాప లేచి ఏడుపు అందుకుంది. నా చెవికి చివరగా వినిపించింది ఆ ఏడుపే.

మర్నాడు మా వీధి చివర ల్యాబులో రక్తం ఇచ్చాను. సూది గుచ్చిన ఆవిడ సిరంజి వెలుతురుకి పెట్టి చూసి, "ఏటమ్మా, రగతం ఇలగ పల్చగుంది? తిండి తింటన్నావా లేదా?" అంది. సాయంత్రం రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 7.8. ఆడవాళ్లకి 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు, 8 కంటే తగ్గితే తీవ్రమైనదని లెక్క. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ లెక్కన మీ సభలో ముందు రెండు వరసల్లో కూర్చున్న ఆడవాళ్లలో సగం మంది నాలాంటివాళ్లే కావచ్చు. ఆయాసం వస్తే వయసనుకుంటాం, మెట్లెక్కలేకపోతే ఒళ్లు పెరిగిందనుకుంటాం, జుట్టు ఊడితే నీళ్లు పడలేదనుకుంటాం.

ఆ రిపోర్టులో నేను ముందు చూసుకున్న అంకె హిమోగ్లోబిన్ కాదు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ఉద్దానంలో పుట్టినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు మనిషి కనబడితే క్షేమ సమాచారంతో పాటు క్రియాటినిన్ ఎంతొచ్చిందని కూడా అడుగుతారు. మా చిన్నాన్న డయాలసిస్ మీద మూడేళ్లు బతికాడు. వారానికి రెండుసార్లు మిషను దగ్గరికి, మిగతా రోజులు మంచం మీదికి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. ఆయన దాకా అవి రాలేదు. ఆ జబ్బు ఎందుకు వస్తోందో, ఇదీ కారణం అని ఈనాటికీ తేలలేదు.

నాది 0.9 వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరమ్మ మాత్రం ఊపిరి పీల్చుకోనివ్వలేదు. "నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా?" అని అడిగింది. బ్యాగులోంచి తీసి చూపించాను. పది మాత్రల రేకు, రెండే మిగిలాయి. పాప పుట్టినప్పటి నుంచి కుడి బొటనవేలి కింద, మణికట్టు దగ్గర నొప్పి. పసిబిడ్డని చంకల కింద చేతులేసి ఎత్తీ ఎత్తీ అక్కడి నరం పట్టేసినట్టు ఉంటుంది, తల్లులకి మామూలుగా వచ్చేదే. దాని మీద రాత్రి పూట ఫోన్లో బొటనవేలితో కథ టైపు చేయడం. నొప్పి ఆగకపోతే మందుల షాపుకెళ్లి ఒక రేకు. పేరు చెప్పి కొనుక్కోవడమే, చీటీ ఎవరూ అడగరు. వారానికి ఒక రేకు, రెండున్నరేళ్లుగా. డాక్టరమ్మ ఆ రేకు టేబుల్ మీద పెట్టి నెమ్మదిగా చెప్పింది. "నీళ్లు తాగరు, తిండి సరిగ్గా తినరు, పైన ఈ మాత్రలు. మూడూ కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. మీది ఏ ఊరన్నారు?" ఊరి పేరు చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు.

ఇంటికొచ్చి ఆ రాత్రి నేను లెక్క వేసుకున్నది ఒకటే. ఆ రెండున్నరేళ్లలో నేను తొమ్మిది కథలు రాశాను. వాటిలో మూడింటికి బహుమతులొచ్చాయి. తొమ్మిది కథలకి గాను నేను నా బిడ్డల దగ్గర ఎన్నేళ్లు అప్పు తెచ్చుకున్నాను?

అందుకే ముందుగా ఆ పరిచయ వాక్యం గురించి మాట్లాడుతున్నాను. "నిద్రాహారాలు మాని" అన్నది మీ నోట మెచ్చుకోలుగా వస్తుంది. మా చెవికి అది నియమంలా వినిపిస్తుంది. వేదిక ఎదురుగా పొత్తిళ్లలో బిడ్డతో కూర్చున్న ఇంకో అమ్మాయి, ఇంకా మొదటి కథ కూడా పూర్తి చేయనిది, రాయాలంటే నిద్ర మానాలన్నమాట, తిండి మానాలన్నమాట అనుకుంటుంది. నేను అలాగే అనుకున్నాను. నా ఇరవై అయిదో ఏట విన్న పరిచయాలన్నీ అవే. వేళకి తిని, ఏడు గంటలు నిద్రపోయి రాసే రచయితని ఆ మాటలతో ఎవరూ పరిచయం చేయగా నేను వినలేదు.

మగ రచయితల పరిచయాల్లో పిల్లల మాటే రాదు. వాళ్ల పిల్లలకి స్నానాలు ఎవరు చేయించారు, జ్వరం రాత్రి ఎవరు మేలుకున్నారు అన్నది సన్మాన పత్రంలో ఉండదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పని ఇందులో కలపలేదు, అది వేరే. అయిదు గంటలు! ఒక కథకి రెండో ప్రతి రాసుకోవడానికి చాలిన సమయం, రోజూ.

అలాగని తండ్రులకి కష్టం లేదని అనను. జూట్ మిల్లులో షిఫ్టు పనిచేసే ఒక కవి తమ్ముడు ఉన్నాడు. భార్య పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని తనే పెంచుతున్నాడు. నైట్ షిఫ్టు నుంచి వచ్చి పిల్లలకి జడలు వేసి స్కూలుకి పంపి, పడుకోకుండా రాసుకుంటాడు. నలభై దాటకుండానే షుగరు. ఒకసారి మందులు కొనలేదేమని అడిగితే, పోటీకి పంపే కథల కొరియరుకే డబ్బులు అయిపోయాయన్నాడు. అతనికి శాలువా కప్పిన ఫొటో మా అందరి ఫోన్లలో ఉంది.

ఈ గడ్డ మీద పుట్టిన పెద్దల్ని తలుచుకోకుండా మన సభ ఏదీ మొదలవదు. గురజాడ గారు 1862లో పుట్టి 1915లో పోయారు. 53 ఏళ్లు. ఆయన ఇంకో పదేళ్లుంటే ఏమేం రాసేవారో అని సెప్టెంబరు 21న ఒకరు, నవంబరు 30న ఒకరు ఏటా అంటూనే ఉంటారు. అంటే ఒంటికీ రాతకీ ఉన్న లంకె మనకి తెలియనిది కాదు. పోయినవారి విషయంలో తెలుసు, ఉన్నవారి విషయంలో గుర్తురాదు.

కారా మాస్టారు, అంటే కథకులు కాళీపట్నం రామారావు గారిని కూడా తలుచుకుంటాను. ఆయన రాసిన కథల సంఖ్య ఎక్కువేమీ కాదు. చాలా ఏళ్లు కథలు రాయకుండానే ఉన్నారు. ఎవరైనా ఆయన్ని తక్కువ కథకుడన్నారా? 96 ఏళ్లు ఉండి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, మన అందరి కథలూ ఒక చోట చేర్చి వెళ్లారు. ఏడాదికి నాలుగు కథలు రాకపోతే "ఏమ్మా, ఈ మధ్య రాయడం లేదా?" అని అడిగేవాళ్లందరికీ నేను మాస్టారు పేరు చెబుతున్నాను ఇప్పుడు.

నేను ఏం మార్చుకున్నానో కూడా చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని అడిగే హక్కు నాకుండదు. మొదటి రెండు నెలలు రక్తం ఎక్కడానికే పోయాయి. సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, తర్వాత మాత్రలు. మాత్ర వేసుకున్న గంట అటూ ఇటూ టీ తాగొద్దన్నారు, తాగితే ఐరన్ ఒంటికి పట్టదట. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుందట. ఇన్నేళ్లూ తిండి మీదే టీ తాగిన మనిషిని. నెలసరిలో ఎక్కువ పోతోందని చెప్పడానికి సిగ్గుపడి ఏళ్ల తరబడి దాచుకున్నదీ ఆ రోజే చెప్పాను. దానికి వేరే మందు ఇచ్చారు. నాలుగు నెలలకి 11.4 వచ్చింది. మణికట్టుకి పట్టీ పెట్టించారు. నొప్పి మాత్రల రేకు ఇంట్లో లేదు.

పొద్దున తొమ్మిదింటికి స్కూలుకి వెళ్లే ముందు ఒక గ్లాసు చోడంబలి, అంటే రాగి అంబలి, అందులో మజ్జిగ, ఉల్లిపాయ. మా అమ్మ పొలానికి వెళ్లే ముందు తాగినదే. మధ్యాహ్నం పిల్లలు వదిలేసినది తినడం మానేశాను, నా కంచంలో నా కోసం వడ్డించుకుంటున్నాను. ఇది రాయడానికి తేలిగ్గా ఉంది గాని చేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. అందరికంటే ముందు నేను కంచం పెట్టుకున్న రోజు మా అత్తమ్మ ఏమంటారోనని చేతులు వణికాయి. ఆవిడ నెయ్యి గిన్నె నా వైపు జరిపారు.

రాత్రి రాయడం మానేశాను. పదింటికి పిల్లలతో పాటే పడుకుంటున్నాను. పొద్దున అయిదింటికి లేచి నలభై నిమిషాలు రాస్తాను. ఆ వేళ ఇంట్లో పొయ్యి మా ఆయనది, పిల్లలు లేస్తే ఆయనవైపే వెళ్లాలి. మొదట్లో పాప తలుపు కొట్టేది. ఇప్పుడు తలుపు బయట కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. తర్వాత అయ్యకోనేరు గట్టు మీద అరగంట నడక. నడుస్తూ తోచిన మాటల్ని ఫోన్‌కి చెబుతాను, అదే అక్షరాలు చేసి పెడుతుంది, మణికట్టుకి పని తప్పింది. ఇలా ఒక కథ పూర్తి చేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక ప్రత్యేక సంచికకి పది రోజుల్లో కథ కావాలంటే ఇవ్వలేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాధపడ్డాను, ఆ సంచిక చూసినప్పుడు మళ్లీ బాధపడ్డాను. అయినా ఆ పది రాత్రులూ నిద్రపోయాను.

ఆ కథ కోసమే ఖద్దరుకి పేరున్న పొందూరు వెళ్లాను. పిల్లలు పెద్దయ్యాక వెళ్దామని రెండేళ్లు వాయిదా వేసిన ప్రయాణం. ఇద్దర్నీ వెంటబెట్టుకునే వెళ్లాను. అక్కడ ఒక ముసలమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతోంది. ఆ పళ్ల సందుల్లోంచి దూది పొగలాగా లేస్తుంటే మా బాబు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కాసేపు ఏకి, కాసేపు రాట్నం తిప్పి, ఉన్నట్టుండి అన్నీ పక్కన పెట్టి లేచింది. వాకిట్లో నాలుగడుగులు వేసి, చేతులు విదిలించి, చెంబుడు నీళ్లు తాగి మళ్లీ వచ్చి కూర్చుంది. నేను అక్కడున్న మూడు గంటల్లో నాలుగుసార్లు లేచింది. అలిసిపోయావా మామ్మా అని అడిగాను. "అలిసిపోయాక లెగిస్తే ఏటి లాభం? నడుం పడిపోతే రాట్నం ఎవులు తిప్పుతారమ్మా" అంది. డెబ్బై దాటిన మనిషి. అంత సన్నని నూలు తీసే చెయ్యి వణకడం లేదు.

ఇక మీ నుంచి కావలసినవి. పెద్ద ఖర్చులేమీ కావు.

సభ కార్డు మీద వేసిన టైముకి మొదలుపెట్టండి, ముఖ్య అతిథి రాకపోయినా సరే. పసిపిల్లలతో వచ్చినవాళ్లని, దూరం వెళ్లాల్సినవాళ్లని ముందు మాట్లాడించండి. భోజనం ఒంటిగంటకి పెట్టేయండి, తిన్నాక మిగతా సభ నడుపుకోవచ్చు. హాలు పక్కన ఒక గదిలో చాప వేసి, నాలుగు బొమ్మల పుస్తకాలు, మంచినీళ్లు పెట్టి, మీ ఇంటి నుంచి ఎవరైనా ఒక పెద్దావిడనో పెద్దాయననో కూర్చోబెట్టండి. రోజు కూలి ఇచ్చి పెట్టినా మంచిదే. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పిల్లల్ని చూసుకునే గది ఉండాలని 2017లో చట్టమే చేశారు. సభకి చట్టం వర్తించదు, తెలుసు. పిల్లల తల్లి వేదిక ఎక్కితే ఆ బిడ్డని ఎవరు పట్టుకుంటారన్నది మాత్రం ఆహ్వానించే రోజే ఆలోచించాల్సిన సంగతి.

శాలువాల గురించి అడగడానికి మొహమాటంగా ఉంది. నా బీరువాలో పదకొండు ఉన్నాయి. ప్రతిదాని వెనకా మీ అభిమానం ఉంది, ఒక్కటి కూడా ఎవరికీ ఇచ్చేయలేదు. కానీ ఇకపై ఆ శాలువా, ఆ జ్ఞాపిక డబ్బులు కవరులో పెట్టి ఇవ్వండి. ఆ జూట్ మిల్లు తమ్ముడికి అది నెల మందులు. నాకు బస్సు చార్జీ, ఆ పూట ఇంట్లో వంటమనిషి.

పోటీలకి గడువు కనీసం రెండు నెలలు ఇవ్వండి. బిడ్డకి జ్వరం వచ్చి వారం ఆలస్యమైందని ఒక రచయిత్రి ఫోన్ చేస్తే ఆ వారం ఇవ్వండి. కథ పారిపోదు.

ఏడాదికి ఒక్క సభలోనైనా ఒక మూల బల్ల వేసి బీపీ, షుగరు, హిమోగ్లోబిన్ చూపించండి. రచయితలకి, నటులకి, తప్పెటగుళ్లు ఆడేవాళ్లకి, హరికథ చెప్పేవాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి. డాక్టర్లుగా ఉన్న కవులు, కథకులు మనలోనే ఉన్నారు, అడిగితే కాదనరు. అదే బల్ల మీద, మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 పెద్దక్షరాలతో రాసి పెట్టండి. పాప పుట్టిన మూడో నెలలో నాకు ఎందుకో తెలియని ఏడుపు ఉండేది. రాయలేకపోతున్నందుకే అనుకున్నాను. అది కాన్పు తర్వాత చాలామంది తల్లులకి వచ్చే దిగులనీ, దానికి మందూ మాటసాయమూ ఉన్నాయనీ నాకెవరూ చెప్పలేదు. ఆ నంబరుకి ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

పరిచయం చేసేటప్పుడు మా కథల గురించి చెప్పండి. ఏ కథలో ఏ మనిషి మీకు నచ్చారో చెప్పండి. మేము ఎంత నిద్ర మానామో చెప్పకండి.

వచ్చే నెల రెండో ఆదివారం సభకి పిలుపు అందింది. వస్తాను. ఈసారి ఇద్దరు పిల్లల్నీ తీసుకొస్తాను, మా ఆయన కూడా వస్తానన్నారు. రెండు సీసాల నీళ్లు తెచ్చుకుంటాను, దారిలోనే తాగేస్తాను. ముందు రోజు సాయంత్రం మీలో ఒకరు హాలు వెనక్కి వెళ్లి, ఆ తాళం తీసి, కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో చూసి, నాకొక్క మెసేజ్ పెట్టండి.

మీ
ఒక కథా రచయిత్రి
విజయనగరం